చెర్రీ రొయ్యకు సూరత్ వేసవి

రొయ్య అనగానే తెలుగువారికి చెరువైనా గుర్తొస్తుంది, కూరైనా గుర్తొస్తుంది. భీమవరం దగ్గరైనా, సూరత్ పక్కన ఓల్పాడ్ వైపు ఉన్న ఉప్పునీటి చెరువుల దగ్గరైనా రొయ్య ధరను తేల్చేది ‘కౌంట్’. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. ఈ లెక్కన చెర్రీ రొయ్య కౌంట్ వేలల్లోకి పోతుంది. మూడు సెంటీమీటర్లు దాటి పెరగడం అరుదు. కూరకు పనికిరాదు. పచ్చని నాచు మీద ఎర్రటి చుక్కల్లా తిరుగుతూ, ముందుకాళ్లతో ఎడతెరిపి లేకుండా ఏదో ఏరుకు తింటూ ఉంటే చూస్తూ కూర్చోవడానికే దీన్ని పెంచుతారు.

చేపల తొట్టికి చోటు లేని ఇంట్లో కూడా దీనికి చోటు దొరుకుతుంది. 20 నుంచి 40 లీటర్ల గాజు తొట్టి చాలు. సూరత్‌లాంటి నగరంలో, లింబాయత్‌లోనో ఉధనాలోనో రెండు గదుల ఇంట్లో, గోడవారన ఒక బల్ల మీద ఇమిడిపోతుంది. ఖర్చూ తక్కువే. అయినా తెచ్చిన పది రొయ్యలూ మొదటి నెలలోనే ఒక్కొక్కటిగా పోవడం, ‘ఇవి మన ఊరికి పడవు’ అని తొట్టిని అటకెక్కించడం చాలా ఇళ్లలో జరిగేదే. దోషం సాధారణంగా రొయ్యది కాదు. అది బతికే నీళ్లలో ఏం జరుగుతోందో కంటికి కనిపించకపోవడమే అసలు చిక్కు.

సముద్రం అక్కర్లేని రొయ్య

చెర్రీ రొయ్య శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. 19వ శతాబ్దంలో చైనాలో జంతువులనూ మొక్కలనూ సేకరించిన ఫ్రెంచి మతగురువు అర్మాన్ డావిడ్ పేరు మీద వచ్చిన పేరది. చైనా, తైవాన్ ప్రాంతాల వాగుల్లో ఉండే అసలు రొయ్యకు ఈ ఎరుపు లేదు. మట్టిరంగులో, సగం పారదర్శకంగా, రాళ్లలో కలిసిపోయి ఉంటుంది. అక్కడక్కడా పుట్టిన ఎర్రటి వాటిని ఏరి, వాటిని వాటితోనే జతకట్టించి, తరాల తరబడి ఎంపిక చేస్తూ పోతే ఇప్పటి రంగు వచ్చింది. పసుపు, నీలం, నారింజ రంగులవీ ఇదే జాతి. అందుకే నాలుగు రంగులూ అందంగా ఉన్నాయని ఒకే తొట్టిలో వేస్తే కొన్ని తరాల్లో మళ్లీ మట్టిరంగు పిల్లలే మిగులుతాయి.

దీని జీవితంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి రంగు కాదు, పిల్లలు. ఈ సంగతి అర్థం కావడానికి నీలకంఠ రొయ్యతో పోల్చి చూడాలి. కృష్ణా, గోదావరి నదుల్లో దొరికే ఈ పెద్ద మంచినీటి రొయ్య పెరిగేది నదిలోనే, కానీ దాని గుడ్ల నుంచి వచ్చే డింభకాలు మంచినీటిలో బతకవు. తల్లి సముద్రం వైపు, ఉప్పునీరు కలిసే చోటికి దిగి వెళ్లాలి. డింభకాలు ఆ చవుడు నీటిలో ఎన్నో దశలు మారి, పిల్ల రొయ్యలై, మళ్లీ ఏటికి ఎదురీది పైకి రావాలి. ఈ రహస్యం తెలియక హేచరీల్లో పిల్లలు పుట్టినట్టే పుట్టి చచ్చిపోయేవి. మలేషియాలో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త 1960ల మొదట్లో డింభకాలకు ఉప్పు కావాలని కనిపెట్టిన తర్వాతే నీలకంఠ సాగు ప్రపంచంలో సాధ్యమైంది. జపాన్‌కు చెందిన తొట్టి కళాకారుడు తకాషి అమానో నాచు తినిపించడానికి వాడుకలోకి తెచ్చిన అమానో రొయ్యదీ ఇదే కథ. ఇంటి తొట్టిలో గుడ్లు పెడుతుంది కానీ పిల్లలు మాత్రం నిలవవు.

చెర్రీ రొయ్య ఈ ప్రయాణాన్ని రద్దు చేసుకుంది. డింభక దశలన్నీ గుడ్డు లోపలే ముగుస్తాయి. ఆడ రొయ్య ఒక విడతలో సుమారు 20, 30 గుడ్లను పొట్ట కింద ఈతకాళ్ల మధ్య పెట్టుకుని, మూడు నాలుగు వారాలు వాటికి నీరు విసురుతూ మోస్తుంది. నీలకంఠ ఒక్క విడతలో వేల గుడ్లు పెడుతుంది, ఇది పెట్టేవి పదుల్లోనే. అయితే ఇవి పెద్దవి, లోపల పచ్చసొన ఎక్కువ. బయటికి వచ్చేటప్పటికే పిల్ల రెండు మిల్లీమీటర్ల పూర్తి రొయ్య. పుట్టిన గంట నుంచీ తనే ఏరుకు తింటుంది.

సూరత్‌లో ఈ రెండు జీవన పద్ధతులకూ మధ్య గీత గీసినట్టు ఒక కట్టడం ఉంది. తాపి మీద సింగణ్‌పోర్ దగ్గర 1995లో పూర్తయిన ఆనకట్ట వంతెన. దాని పైన నగరం తాగే మంచినీరు, దాని కింద పోటు పాట్లకు కదిలే చవుడు నీరు. నదీముఖం దాకా వెళ్లి రావలసిన రొయ్యలకు ఇలాంటి కట్టడాలు ప్రపంచమంతటా అడ్డుగోడలే. చెర్రీ రొయ్యకు మాత్రం అది అడ్డే కాదు, దానికి సముద్రంతో పని లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ముందు సూక్ష్మజీవులు, తర్వాత రొయ్యలు

కొత్త తొట్టిలో శుభ్రమైన నీళ్లు పోసి ఆ రోజే రొయ్యల్ని వదలడం అన్నిటికన్నా సులువైన పొరపాటు. రొయ్య మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. నదిలో అది కొట్టుకుపోతుంది, తొట్టిలో పేరుకుపోతుంది. దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా స్పాంజి ఫిల్టరు మీద, ఇసుక మీద, ఆకుల మీద ఊరును కట్టుకోవాలి. అవి నింపాదిగా పెరిగే జీవులు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ తొట్టి ఖాళీగా, మొక్కలతో, చిటికెడు మేత వేస్తూ, గాలి పంపు ఆడిస్తూ ఉంచాలి. ఖాళీ తొట్టికి మేతేమిటని ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వాలి. ఆ మేత తినేది బ్యాక్టీరియానే.

అమ్మోనియా ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఏ రూపంలో ఉందన్నది కూడా చూడాలి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం పెద్దగా హాని చేయదు. ఆవేశం లేని అమ్మోనియా నేరుగా మొప్పల్లోకి చొరబడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తంలో ఈ విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. అదే నీరు 30 డిగ్రీలకు చేరితే 7 శాతం దాటుతుంది. దక్కను నల్లరాళ్ల మీదుగా ఏడువందల పైచిలుకు కిలోమీటర్లు పారి వచ్చే తాపి వంటి నదుల నీటిలో బైకార్బొనేట్లు ఉంటాయి, పీహెచ్ సాధారణంగా 7కు పైనే ఉంటుంది. కాబట్టి పుస్తకంలో ‘పరవాలేదు’ అని రాసిన అమ్మోనియా మోతాదు సూరత్ మే నెలలో పరవాలేదనిపించుకోకపోవచ్చు.

తొట్టి పాతబడే కొద్దీ గాజు మీద, చెక్క మీద జారుడుగా ఒక పలచని పొర కడుతుంది. బ్యాక్టీరియా, నాచు, శిలీంధ్రాలు కలిసి అల్లుకున్న పొర అది. చూడడానికి మురికిలా ఉంటుంది, కానీ చెర్రీ రొయ్యకు అదే అసలు అన్నం. పిల్ల రొయ్యలకైతే వేరే దిక్కు లేదు. ఆదివారం ఆదివారం తొట్టిని తళతళలాడేలా కడిగే ఇంట్లో పిల్లలు బతకకపోవడానికి ఇదొక కారణం. వీధుల్లో నీడకు పెంచే బాదం చెట్టు నుంచి ఎండి రాలిన ఆకు ఒకటి కడిగి వేస్తే ఈ పొర బాగా పడుతుంది. పైనుంచి మేత రెండు రోజులకోసారి వేసినా చాలు, రెండు మూడు గంటల్లో తినకుండా మిగిలింది తీసేయాలి. ఉడికించిన పాలకూర ముక్క ఇష్టంగా తింటాయి. కాకపోతే బజారు ఆకుకూర మీద పురుగుమందు అంటుకుని ఉండవచ్చు. ఈ మాట ఎందుకంత ముఖ్యమో దోమల దగ్గరికి వచ్చినప్పుడు తేలుతుంది.

ఫ్యాను, కుండ, ఆర్వో నీళ్లు

చెర్రీ రొయ్యకు 20 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 దాకా సర్దుకుంటుంది. 30 దాటి రోజుల తరబడి ఉంటే తట్టుకోలేదు. సూరత్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ కొన్ని రోజులు 40ని తాకుతుంది, సముద్రం దగ్గర కావడంతో రాత్రులు కూడా పెద్దగా చల్లబడవు. కాబట్టి ఇంటి లోపల తొట్టి నీరు 30 చేరడం వింతేమీ కాదు.

వేడి రెండు వైపుల నుంచి నొక్కుతుంది. ఒకటి, నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిచే చోట 30 డిగ్రీలకు ఏడున్నరే నిలుస్తుంది. రెండు, రొయ్య శరీరంలో జీవక్రియల వేగం పెరిగి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టు. ఫిల్టరులోని బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయి గాలి పంపు ఆగితే దెబ్బ రెండింతలవుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి కొని పెట్టుకోవడం వేసవిలో మందులన్నిటికన్నా మేలు. వేడి మరో చిత్రం కూడా చేస్తుంది. ప్రయోగశాలలో జరిగిన ఒక అధ్యయనంలో 20 డిగ్రీల దగ్గర పెరిగిన పిల్లల్లో ఆడవి ఎక్కువగా, 26 డిగ్రీల దగ్గర మగవి ఎక్కువగా తేలాయి.

నీటిని చల్లబరచడానికి ఖరీదైన యంత్రాలున్నాయి. కానీ మట్టికుండ తెలిసిన ఇంటికి ఆ సూత్రం కొత్తది కాదు. నీరు ఆవిరవుతూ మిగిలిన నీటి నుంచి వేడిని లాక్కుపోతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజూళ్లు కావాలి. 40 లీటర్ల తొట్టిని ఒక డిగ్రీ దించడానికి తీయవలసింది 168 కిలోజూళ్లే. అంటే బయటి వేడి లోపలికి రాకుంటే పావులీటరులో సగానికి కాస్త తక్కువ ఆవిరైనా తొట్టి ఒక డిగ్రీకి పైగా చల్లబడుతుంది. నీటి ఉపరితలం మీదికి ఏటవాలుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగడం చూడవచ్చు. జూన్ వచ్చి గాలి తేమతో బరువెక్కాక ఈ చిట్కా సగం పని కూడా చేయదు. ఉక్కపోతలో చెమట ఆరనట్టే తొట్టి నీరూ ఆరదు. అప్పటికి ఎండ తగ్గి ఉండడం అదృష్టం. గడ్డకట్టిన నీళ్ల సీసా తేల్చడం కంటే ఫ్యానే నయం. గంటలో నాలుగైదు డిగ్రీలు పడిపోతే రొయ్య వేడికి కాదు, మార్పుకే బలవుతుంది.

ఫ్యాను పెట్టిన తొట్టిలో నీటిమట్టం రోజూ తగ్గుతుంది. పోయింది నీరు మాత్రమే, అందులోని లవణాలు అక్కడే ఉన్నాయి. తగ్గినంత మేరా కుళాయి నీళ్లు పోస్తూ పోతే లవణాలు వారం వారం చిక్కబడతాయి. అక్కడ వంటింటి ఆర్వో యంత్రం నీళ్లు పనికొస్తాయి, వాటిలో లవణాలు చాలా తక్కువ. అలాగని తొట్టిని మొత్తం ఆర్వో నీళ్లతో నింపితే ఇంకో తప్పు. ఆవిరైన దానికి ఆర్వో నీళ్లు, వారానికోసారి పదో వంతు మార్చేటప్పుడు క్లోరిన్ పోయిన కుళాయి నీళ్లు. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

పెంకు మార్చుకునే రోజు

రొయ్యకు ఎముకలు లేవు, ఉన్నది పైపెంకే. అది సాగదు. పెరగాలంటే పాతది విడిచి, లోపల మెత్తగా తయారైన కొత్త పెంకును నీరు పీల్చి ఉబ్బించి, కాల్షియంతో గట్టిపరచుకోవాలి. చెరువు రైతులు దీన్నే మోల్టింగ్ అంటారు, ఉప్పదనం తక్కువున్న చెరువుల్లో మినరల్స్ చల్లేది దీనికోసమే. ఇంటి తొట్టిలో కాల్షియం వచ్చేది ప్రధానంగా నీటి నుంచే, అందుకే పూర్తి ఆర్వో నీరు కుదరదు. తొట్టి అడుగున తెల్లగా, ఖాళీగా కనిపించేది చచ్చిన రొయ్య కాదు, విడిచిన పెంకు. దాన్ని తీయకుండా వదిలేస్తే మిగతావి తిని అందులోని ఖనిజాలు కొంత రాబట్టుకుంటాయి. ఆడ రొయ్య జతకు సిద్ధమయ్యేది కూడా పెంకు విడిచిన వెంటనే. ఆ గంటల్లో అది నీటిలోకి వదిలే సంకేత రసాయనానికి మగవన్నీ పిచ్చెత్తినట్టు తొట్టంతా ఈదుతాయి. కొత్తగా పెంచేవారు ఏదో విషం కలిసిందని కంగారుపడేది సరిగ్గా అప్పుడే.

కుళాయి నీటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ రొయ్య మొప్పలనూ, ఫిల్టరు బ్యాక్టీరియానూ వదలదు. వెడల్పాటి బకెట్‌లో ఒక రోజు నిలవబెడితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే అక్వేరియం దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ వాడతారు. ఇక రాగి. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్‌కు కేంద్రం రాగి పరమాణువులే. మన రక్తంలో ఇనుము చేసే పనే అక్కడ రాగి చేస్తుంది. అంత అవసరమైన లోహమే నీటిలో కరిగి ఉంటే మొప్పల్లో లవణాల సమతూకాన్ని చెడగొట్టి చంపుతుంది. చేపలకు తెల్లమచ్చ జబ్బు తగ్గించే మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. రాగి బిందె నీళ్లు మనుషులకు మంచివైతే కావచ్చు, ఈ తొట్టికి వద్దు.

దోమల మందు, దోమ పిల్లలు

1994 ప్లేగు తర్వాత శుభ్రతకు పేరు తెచ్చుకున్న సూరత్‌లో నగరపాలక సిబ్బంది ఇంటింటికీ వచ్చి కూలర్లలో, తొట్లలో దోమ లార్వాలున్నాయేమో చూడడం మామూలే. రొయ్యల తొట్టి కూడా నిలవనీరే. చేప ఉంటే లార్వాల్ని గుటుక్కున మింగేది. చెర్రీ రొయ్య వేటాడే జీవి కాదు, నీటిపైన వేలాడే లార్వా దాని కంటికి మేత కాదు. కాబట్టి రొయ్యలు మాత్రమే ఉన్న తొట్టి డెంగీ దోమకు నిక్షేపంలాంటి ఇల్లు కాగలదు. స్పాంజి ఫిల్టరు బుడగలతో ఉపరితలం ఎప్పుడూ కదులుతూ ఉండాలి, పైన సన్నని వల మూత ఉండాలి. ఈ రెండూ ఉంటే దిగులు లేదు.

అసలు ప్రమాదం దోమల మందులో ఉంది. ప్లగ్గులో పెట్టే ద్రవాలు, కాయిల్స్, స్ప్రేలు, వీధిలో కొట్టే పొగ వీటిలో చాలావాటి పని పైరెథ్రాయిడ్ రసాయనాల మీద నడుస్తుంది. కీటకాల నరాల్లో సోడియం ద్వారాలు మూసుకోకుండా చేసి చంపే మందులివి. రొయ్య కీటకానికి దూరపు బంధువు, దాని నరాల్లోనూ అదే ద్వారం. మనుషులకు, కుక్కలకు ఏమీ కాని మోతాదు నీటిలో కరిగితే రొయ్యలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటాయి. గాలి పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి దింపుతుందని మరచిపోకూడదు. తొట్టి ఉన్న గదిలో దోమతెర వాడడం, వీధిలో పొగ కొట్టే రోజు కిటికీలు మూసి తొట్టి మీద గుడ్డ కప్పడం తప్పవు.

తొట్టిలో ఉన్నది తాపిలోకి

పది రొయ్యలు కుదురుకుంటే ఏడాదిలో వంద దాటడం కష్టం కాదు. అప్పుడు ‘పాపం, నదిలో వదిలేద్దాం, బతుకుతాయి’ అన్న ఆలోచన వస్తుంది. అవి నిజంగానే బతుకుతాయి, భయమల్లా అదే. జర్మనీలో బొగ్గు విద్యుత్కేంద్రం నుంచి వెచ్చని నీరు కలిసే గిల్‌బాఖ్ అనే వాగులో చెర్రీ రొయ్య స్థిరపడిపోయినట్టు 2013లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. తొట్టి నుంచి వెళ్లినవే. అక్కడ ఆ వెచ్చదనం దాటితే చలికాలమే కాపలా. సూరత్‌లో ఆ కాపలా లేదు. డిసెంబరు, జనవరి నెలలు వీటికి ఏడాదిలోకెల్లా హాయైన రోజులు. పైగా సముద్రంతో పని లేని జీవి. సింగణ్‌పోర్ ఎగువన మంచినీటిలోనే గుడ్డు నుంచి గుడ్డు దాకా బతుకు గడిపేయగలదు.

భారతదేశపు వాగుల్లో, ముఖ్యంగా పశ్చిమ కనుమల్లో, దీని దాయాదులైన కారిడినా రొయ్యలు ఎన్నో జాతులున్నాయి. తినేది అదే పొర, దాగేది అదే ఆకుల చాటు. తొట్టి చేపగా వచ్చి చెరువులకెక్కిన, తెలుగు పత్రికలు డెవిల్ ఫిష్ అని రాసే సక్కర్ చేప వల్ల ఆంధ్ర మత్స్యకారుల వలలు చిరుగుతున్న సంగతి తెలిసిందే. 2018 కేరళ వరదల తర్వాత దక్షిణ అమెరికా అరపైమా చేపలు చాలకుడి నదిలో వలలకు చిక్కాయి. వాటినెవరూ కావాలని వదల్లేదు, వరదే తీసుకుపోయింది. 2006 ఆగస్టులో తాపి పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగింది. నదీతీరపు నగరంలో కింది అంతస్తు తొట్టికీ నదికీ మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు.

జబ్బుల లెక్క వేరే ఉంది. 1994, 95లో నెల్లూరు తీరం టైగర్ రొయ్య చెరువుల్ని తుడిచిపెట్టిన తెల్లమచ్చల వైరస్ ఒక్క టైగర్ రొయ్యకే పరిమితం కాదు, పీతలకూ మంచినీటి రొయ్యలకూ సోకగలదు. ఆ అనుభవం తర్వాతే, 2009లో వనామీని అనుమతించినప్పుడు, దిగుమతయ్యే తల్లి రొయ్యలు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి రావాలన్న నియమం పెట్టారు. చేతులు మారుతూ, పార్సిల్ సంచుల్లో ఊరూరా తిరిగే తొట్టి రొయ్యకు దారిలో అలాంటి పరీక్షలేమీ ఉండవు. ఓల్పాడ్‌లో వనామీ చెరువులున్న జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

అందుకని ఎక్కువైన రొయ్యల్ని తెలిసినవారికో, కొన్న దుకాణానికో ఇవ్వాలి. తొట్టి నుంచి తీసిన నీళ్లలో రెండు మిల్లీమీటర్ల పిల్లలు ఉండవచ్చు కాబట్టి మోరీలో కాక మొక్కల కుండీల్లో పోయాలి. నైట్రేటు ఉన్న ఆ నీళ్లు కరివేపాకు మొక్కకు ఎరువు కూడా. కత్తిరించిన నాచును పారేసే ముందు ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. సూరత్ మే ఎండకు ఆ పని ఒక్క పూటలో అయిపోతుంది.